రూపాయల్లోనే కట్టండి

విదేశానికి వీసా ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. ఆవకాయ నూనె సూట్‌కేసులో కారకుండా ఎలా కట్టాలో చెప్పేవాళ్లు ఇంటికొకరున్నారు. తీరా అక్కడ దిగాక డబ్బెలా కట్టాలో చెప్పేవాళ్లే కరువు. తెలిసిన ఒకరిద్దరూ బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు. వాళ్ల మాట వింటే ఖర్చు తగ్గుతుందేమో కానీ, ఫారిన్ వెళ్లొచ్చామన్న దర్జా మిగలదు. అందుకని ఈ సలహాలు. బ్యాంకాక్, సింగపూర్ టికెట్లు తీసుకున్న కుటుంబాలనీ, పిల్లల దగ్గరికి అమెరికాకో లండన్‌కో బయల్దేరుతున్న పెద్దవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అన్నిటికీ మూలసూత్రం ఒకటే. కళ్లకి అలవాటైన రూపాయి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగిపోండి. ఇంకేమీ అడక్కండి.

బయల్దేరేముందు చేయాల్సింది ఏమీ లేదు. కార్డు మీద వీసా అనో మాస్టర్‌కార్డ్ అనో ముద్ర ఉందంటే లోకమంతా చెల్లుతుందనే కదా అర్థం. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆపేసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టిందనీ, కావాలంటే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలనీ మీ మేనల్లుడు చెప్తాడు. విని ఊరుకోండి. ఆ ఒక్క నిమిషం పని హైదరాబాద్‌లో సోఫాలో కూర్చుని చేస్తే ఎవరు చూస్తారు? బ్యాంకాక్ హోటల్ కౌంటర్ దగ్గర, వెనక పదిమంది సూట్‌కేసులతో నిలబడి ఉన్నప్పుడు చేయాలి. కార్డు పనిచేయడం లేదని ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి చెప్తుంది. మీరు వైఫై అడుగుతారు. యాప్ తెరుస్తారు. యాప్ ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ వచ్చే నంబరున్న సిమ్ముని, రోమింగ్ ప్యాక్ దండగని, కూకట్‌పల్లిలో టీవీ కింద డ్రాయరులో పెట్టి వచ్చారు. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి, తాళాలు ఇచ్చి వచ్చిన ఎదురింటావిడని లేపి, ఆ సిమ్ము ఆవిడ ఫోన్లో వేయించి, వచ్చిన అంకెలు చదివించుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు ఎంత మొత్తుకున్నా, ఎదురింటావిడ ఎవరో కాదుగా.

ఉన్న కార్డులన్నీ ఒకే పర్సులో పెట్టుకోండి. ఒకటి పెట్టెలో, ఒకటి భార్య హ్యాండ్‌బ్యాగులో, ఒకటి జేబులో అని చెదరగొడితే పోయినప్పుడు ఏది పోయిందో తెలియక తికమక. అన్నీ ఒకేచోట ఉంటే అన్నీ పోయాయని వెంటనే తెలిసిపోతుంది.

నగదు సంగతి. డాలర్లో బాట్లో ముందుగా ఊళ్లో రెండు మూడు చోట్ల రేటు కనుక్కుని కొనడం పిసినారుల పని. శంషాబాద్‌లో సామాను లోపలికి పంపించి, సెక్యూరిటీ దాటి, బోర్డింగ్‌కి ఇరవై నిమిషాలుండగా కొనండి. అక్కడ అద్దం మీద ‘జీరో కమిషన్’ అని రాసి ఉంటుంది. కమిషన్ లేదన్నాక లాభం ఇంకెక్కడ వస్తుందని మనం ఆలోచించకూడదు. పక్కనే బోర్డు మీద రెండు వరుసల అంకెలుంటాయి. ఒకటి వాళ్లు కొనే ధర, రెండోది అమ్మే ధర. ఆ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత వాళ్ల జేబులోకి. అందుకే ఆ వరుసలకేసి చూడకుండా ‘జీరో’కేసి చూడమంటున్నాను. తీసుకెళ్లడం కూడా అంతా నోట్లే తీసుకెళ్లండి. చాలా దేశాలకి వెళ్లేటప్పుడు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకి మించి నోట్ల రూపంలో ఇవ్వకూడదని నిబంధన ఉంది కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే మనవాళ్లు బెల్టుకి కూడా జేబులు కుట్టించుకునేవాళ్లు.

ఇక అసలు విషయం. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఎక్కువమంది అదృష్టం పండేది ఇక్కడే.

బ్యాంకాక్‌లో పెద్ద మాల్. కింద నుంచి పైదాకా తిరిగి, అబ్బాయికి బూట్లు, అమ్మాయికి బ్యాగు తీసుకున్నారు. బిల్లు 4,000 బాట్లు. కార్డు ఇచ్చారు. మెషీన్‌లో పెట్టి రెండు అంకెలు నొక్కిన సేల్స్‌మన్, దాన్ని మీవైపు తిప్పుతాడు. చిన్న తెర మీద రెండు గీతల మధ్య రెండు మాటలు. పైన ఐఎన్‌ఆర్ 12,720. కింద టీహెచ్‌బీ 4,000. ఏదో ఒకటి నొక్కమంటుంది. పక్కనుంచి మీ అమ్మాయి, “నాన్నా, బాట్లు నొక్కు” అంటుంది. మీరు అనాల్సిన మాట: “నీకేం తెలుసమ్మా? రూపాయలైతే ఎంతైందో ఇక్కడే తేలిపోతుంది. తర్వాత బ్యాంకువాడు ఎంతేస్తాడో ఎవరు చూడొచ్చారు?” అని, పైదాన్ని నొక్కండి. కొన్నిచోట్ల మీకా శ్రమ కూడా ఉండదు. మీది ఇండియా కార్డని మెషీన్ పసిగట్టగానే కౌంటర్‌లో వాళ్లే రూపాయలు నొక్కేసి చీటీ చేతిలో పెడతారు. కార్డు కంపెనీల నిబంధనల ప్రకారం ఆ నొక్కుడు హక్కు కొనేవాడిది, వద్దంటే రద్దుచేసి బాట్లలో మళ్లీ కొట్టమనొచ్చు. కానీ సంతకం అయ్యాక గొడవెందుకు, మనం మర్యాదస్తులం.

ఇప్పుడు లెక్క. సులువు కోసం ఆ రోజు బాటు సరిగ్గా మూడు రూపాయలనుకుందాం. అంటే 4,000 బాట్లు 12,000 రూపాయలు. తెర మీద 12,720 ఎందుకొచ్చింది? మెషీన్ వెనకున్న కంపెనీ బాట్లని రూపాయల్లోకి తనకి నచ్చిన రేటుతో మార్చింది, ఇక్కడ ఆరు శాతం కలిపి. అందులో కొట్టువాడికీ వాటా ముడుతుంది. ఆరు అన్నది మాట వరసకే, అంతకన్నా ఎక్కువా చూడొచ్చు, తక్కువా చూడొచ్చు. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. పేరు వింటేనే ఏదో సేవ చేస్తున్నట్టుంది కదూ. అక్కడితో అయిపోయిందనుకోకండి. కొన్నది విదేశంలో కాబట్టి, మీరు రూపాయల్లో కట్టినా సరే, మన బ్యాంకులు చాలావరకు ఒక శాతం చుట్టుపక్కల రుసుమూ దాని మీద జీఎస్టీ వేస్తాయి. అది ఇంకో 150. మొత్తం 12,870.

అమ్మాయి చెప్పినట్టు బాట్లు నొక్కి ఉంటే? వీసా, మాస్టర్‌కార్డ్‌లు ఆ రోజు తమ రేటుతో మార్చేవి. ఆ రేటు బజారు రేటుకి దగ్గరగా ఉంటుంది. దాని మీద మీ బ్యాంకు మార్కప్ వేసేది. మామూలు కార్డులకి మూడున్నర శాతం, ఆ మూడున్నర మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. దాంతో బిల్లు 12,496 అయ్యేది. మార్కప్ లేని కార్డులు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి, అదైతే 12,000 దగ్గరే ఆగేది. అంటే ఒక జత బూట్లూ ఒక బ్యాగూ దగ్గర నాలుగొందలో తొమ్మిదొందలో తేడా. వారం రోజులు హోటలూ భోజనాలూ షాపింగూ కలిపితే ఆ తేడాతో ఇంకో జత బూట్లొస్తాయి. కానీ నాన్న ఒకసారి నొక్కాక కూతురి మాట విని మళ్లీ రద్దు చేయిస్తే ఇంట్లో పెద్దరికం ఏమైపోవాలి?

ఏటీఎంలో కూడా ఇదే నాటకం ఇంకో వేషంలో వస్తుంది. అక్కడ తెర మీద ఒక రేటు చూపించి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకోకపోతే డబ్బు రాదేమోనని మనకి గుండె దడ. ‘కన్వర్షన్ వద్దు’ నొక్కినా డబ్బు వస్తుంది, మార్చే పని మీ బ్యాంకుకి పోతుంది, అంతే తేడా. ఆ సంగతి మరిచిపోయి ఒప్పేసుకోండి. ఇంకో మెళకువ: థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాట్ల చొప్పున పట్టుకోవడం చాలాకాలంగా ఉన్నదే, కొన్ని ఇంకాస్త ఎక్కువే పట్టుకుంటాయి. అందుకని ఒకేసారి పదివేల బాట్లు తీయకండి. జేబులో అంత డబ్బు పెట్టుకుని తిరగడం ప్రమాదం. రోజుకి రెండువేల చొప్పున ఐదు రోజులు తీయండి. పదివేల మీద 1,100 బాట్లు ఏటీఎంకే దక్షిణ. పైన మీ బ్యాంకు రుసుములు వేరు. డెబిట్ కార్డుతో తీయడం మొహమాటంగా ఉంటే క్రెడిట్ కార్డు వాడండి. నగదు తీసినందుకు రెండున్నర శాతం ఫీజు మామూలు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, సామాను కొన్నప్పుడుండే నలభై, యాభై రోజుల గడువు దీనికి ఉండదు. గడువు లేకపోవడం మంచిదే, గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఒకటి తగ్గింది.

ఈ మధ్య కొందరు ఫారెక్స్ కార్డు అని ఒకటి తీసుకెళ్తున్నారు. ముందే డబ్బు వేసుకుంటే ఆనాటి రేటుకి స్థిరపడిపోతుంది, రూపాయి పడినా భయం లేదు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క చాలా ఇబ్బంది పడ్డాను. చివరికి దొరికింది. థాయ్‌లాండ్ వెళ్తూ బాట్లు వేసుకోకుండా డాలర్లు వేసుకోండి. డాలర్ కదా, ఎక్కడైనా చెల్లుతుంది. కార్డులో ఉన్న కరెన్సీ ఒకటీ కొట్టులో అడిగే కరెన్సీ ఒకటీ అయితే మధ్యలో క్రాస్ కరెన్సీ అని మళ్లీ మూడు, మూడున్నర శాతం కోస్తారు. రూపాయి నుంచి డాలర్‌కి మారేటప్పుడు ఒకసారి, డాలర్ నుంచి బాట్‌కి మారేటప్పుడు ఒకసారి, గోరుచుట్టు మీద రోకటిపోటు. తిరిగొచ్చాక మిగిలింది వెనక్కి తీసుకోకుండా, ‘మళ్లీ వెళ్తాంగా’ అని అందులోనే ఉంచితే, వాడని కార్డుకి నెలనెలా రుసుము కోసే బ్యాంకులూ ఉన్నాయి.

నోట్ల దగ్గర మన సంప్రదాయం మనం పాటించాలి. కొత్త డాలర్ నోటు ఇంటికొచ్చిందంటే దేవుడి దగ్గర పెట్టి మూలన పసుపు బొట్టు పెట్టడం కొన్ని ఇళ్లల్లో అలవాటు. ఎంత కొన్నామో అంచున పెన్నుతో లెక్క రాసుకోవడం ఇంకొన్ని ఇళ్లల్లో అలవాటు. కంబోడియాలో డాలర్లు అచ్చం స్థానిక డబ్బులాగే చెలామణీ అవుతాయి. కానీ కాస్త చిరుగు ఉన్నా, మరక ఉన్నా, గీత ఉన్నా అక్కడ తీసుకోరు. అంగ్‌కోర్ వాట్ దగ్గర కొబ్బరిబొండాలమ్మే ఆవిడ మీ నోటుని ఎండకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, పసుపు మరక మీద బొటనవేలుతో రుద్ది, తల అడ్డంగా ఊపి ఇచ్చేస్తుంది. మీరు దాన్ని వాపసు తీసుకుని ఇంకొకటి ఇస్తారు. దానికీ పసుపే.

వియత్నాం వెళ్లేవాళ్లకి చీకటిపడ్డాక టాక్సీ ఎక్కి, ఇంజను ఆపకముందే గబగబా డబ్బివ్వమని నా సలహా. అక్కడ 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 డాంగ్‌ల నోటూ నీలమే. రెంటి మీదా హో చి మిన్ బొమ్మే. రెండూ ప్లాస్టిక్ నోట్లే. తేడా ఇరవై అయిదు రెట్లు. సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే డ్రైవర్‌కి మనం చదువురానివాళ్లలా కనిపిస్తాం.

లండన్ వెళ్తుంటే బాబాయిగారబ్బాయి ఎప్పుడో తెచ్చి బీరువాలో దాచిన పౌండ్లు తప్పక తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న డబ్బు పెట్టుకుని కొత్తది కొనడం బుద్ధిమంతుల లక్షణం కాదు. కాగితం అయిదు పౌండ్ల నోటు 2017లోనూ, పది పౌండ్లది 2018లోనూ, ఇరవై, యాభై 2022 సెప్టెంబరు 30తోనూ చెలామణీ నుంచి పోయాయి. గుండ్రటి పౌండు నాణెం 2017 అక్టోబరులో పోయి పన్నెండు పలకలది వచ్చింది. కొట్టువాడు వాటిని పట్టుకుని చూసి, పక్కవాణ్ణి పిలిచి చూపించి, మ్యూజియంలో వస్తువులా మీ చేతికే ఇచ్చేస్తాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పాత నోట్లు ఎప్పుడైనా మార్చి ఇస్తుంది. ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట ఆ క్యూలో గడిస్తే ఒక పర్యాటక స్థలం చూసినట్టే.

అక్కడి ఎర్ర బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు. కార్డు ఆనించాలి. నలుగురికీ ఒకే కార్డు ఆనిస్తే సరిపోతుందని ధైర్యంగా ఎక్కండి. ఒక్కొక్కరికి ఒక్కో కార్డుండాలని డ్రైవరు ఇంగ్లీషులో ఏదో అంటాడు. మెట్రోలో ఇంకా తమాషా ఉంది. ఎక్కేటప్పుడు ఫోను ఆనించి, దిగేటప్పుడు కార్డు ఆనించండి. రెండూ ఒకే ఖాతావి కదా అని మీ వాదన. గేటుకి ఆ వాదన తెలియదు. అది రెండిటినీ వేర్వేరు మనుషులుగా లెక్కేసి, ఒకడు ఎక్కి దిగలేదనీ, ఇంకొకడు ఎక్కకుండానే దిగాడనీ అనుకుని, ఇద్దరికీ గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. ఒక్కరే తిరిగినా ఇద్దరి ఛార్జీ కట్టిన తృప్తి.

యూపీఐ గురించి అడుగుతారని తెలుసు. కొండాపూర్‌లో జామకాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసే మనకి జేబులో పర్సెందుకన్న ఊపు వచ్చేసింది. 2021లో భూటాన్‌తో మొదలైంది, తర్వాత సింగపూర్, దుబాయి, నేపాల్, శ్రీలంక, మారిషస్‌లలో కొన్ని కొట్లలో పనిచేస్తోంది. 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ దగ్గర కూడా వచ్చింది. కాబట్టి పారిస్‌కి ఫోనొకటి పట్టుకుని వెళ్లిపోండి. టవర్ టికెట్ దొరుకుతుంది. కిందికి దిగాక రొట్టె కొనాలంటే మళ్లీ టవర్ దగ్గరికే పోవాలి, అది వేరే సంగతి. యాప్‌లో అంతర్జాతీయ యూపీఐ ముందుగా ఆన్ చేసుకోవాలట. మొదట్లో చెప్పాను కదా, బయల్దేరేముందు చేయాల్సింది ఏమీ లేదు. జపాన్‌లో చిన్న హోటళ్లు కొన్ని ఇప్పటికీ నగదు తప్ప ముట్టవు, స్వీడన్‌లో చాలా కొట్లు నగదే ముట్టవు. అందుకే స్వీడన్‌కి నోట్ల కట్టలూ జపాన్‌కి ఫోనూ తీసుకెళ్లాలి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకి పెద్దగా చెప్పక్కర్లేదు, కొడుకో కోడలో కడతారు. అయినా ఒకరోజు, “ఇవాళ పెట్రోలు నేను పోయిస్తాలేరా” అని డల్లాస్ పొలిమేరల్లో కారు దిగండి. పంపు కార్డు మింగి, ఐదంకెల జిప్ కోడ్ అడుగుతుంది. మీది తెనాలి. ఐదు రెండు రెండు అంటూ పిన్‌కోడ్ మొదలుపెడతారు, అందులో ఆరంకెలుంటాయి. చివరి అంకెకి చోటు లేదు. లోపలికెళ్లి కౌంటర్‌లో కట్టొచ్చు కానీ, కొడుకు అప్పటికే తన కార్డు ఆనించేసి ఉంటాడు. అద్దె కారు తీసుకోవాలనుకుంటే డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో మాత్రమే తీసుకెళ్లండి. వాళ్లు డిపాజిట్ కింద పెద్ద మొత్తం ఆపిపెట్టడానికి క్రెడిట్ కార్డే అడుగుతారు. హోటళ్లూ అంతే. డెబిట్ కార్డు ఇచ్చారంటే ఆపిన డబ్బు మీ ఖాతాలోంచే పోయినట్టు కనబడుతుంది, ఖాళీ చేసి వచ్చాక కూడా వదలడానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ డబ్బు అమెరికాలో ఉంటుంది, మీరు తెనాలిలో ఉంటారు. హోటల్ భోజనం బిల్లులో టిప్పు రాసే గీతని ఖాళీగా వదలకండి, ఖాళీ వదిలితే ఎవరు ఏమి రాస్తారో అని భయపడి, అక్కడ మీ ఫోను నంబరు రాయండి.

తిరిగి రాగానే రసీదులన్నీ ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో వేసేయండి. రూపాయల్లో మార్చిన రేటూ, దాని మీద ఎంత కలిపారన్నదీ ఆ చిన్న చీటీ మీద అచ్చై ఉంటుంది. మీరు ఒప్పుకోకుండానే నొక్కారని బ్యాంకుకి ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం. ఆధారం ఉంటే ఫిర్యాదు చేయాలనిపిస్తుంది, ఫిర్యాదు చేస్తే ఫారాలు నింపాలి. మిగిలిన చిల్లర నాణేలు మనీ ఛేంజర్లు ఎవరూ తీసుకోరు, పనిమనిషి పిల్లలకి పంచండి, వాళ్లూ ఏమీ చేసుకోలేరు.

నెలాఖరుకి స్టేట్‌మెంట్ మెయిల్లో వస్తుంది. పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టినరోజు అంకెలు కొడితే తెరుచుకుంటుంది. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అని రెండుసార్లు తప్పు కొట్టి వదిలేయడం ఉత్తమం. ఒకవేళ మీ అమ్మాయే తెరిచి, “నాన్నా, ఇదేంటి, ఇంత ఎక్కువెందుకు పడింది?” అని అడిగితే, “అదంతా జీఎస్టీ అమ్మా” అనండి. బొత్తిగా అబద్ధం కూడా కాదు. లక్ష రూపాయల ఖర్చు మీద మూడున్నర శాతం మార్కప్ పడిందంటే, అందులో 630 రూపాయలు నిజంగానే జీఎస్టీ.